కార్ల్ పేరు, క్రాల్ పదవి

రష్యా రాజు అనగానే మనకు తట్టే మాట జార్. సోవియట్ పుస్తకాలు కారుచవకగా దొరికిన రోజుల్లో గోర్కీ ‘అమ్మ’ చదివినవాళ్లకే కాదు, ఏ రష్యన్ నవలా ముట్టనివాళ్లకు కూడా అది తెలుసు. కానీ రష్యన్‌లో రాజును చెప్పే మాట ఇంకొకటి ఉంది: కొరోల్. చదరంగం బల్ల మీద నిలబడేవాడు జార్ కాదు, కొరోల్. పేకముక్కల్లో రాణి పక్కనుండేవాడూ కొరోలే. స్వీడన్ రాజు, పోలండు రాజు, ఇంగ్లండు రాజు, వీళ్లంతా రష్యన్ రాతకోతల్లో కొరోళ్లు. మాస్కో గద్దె మీద కూర్చున్నవాడు మాత్రం ఏనాడూ తనను కొరోల్ అని చెప్పుకోలేదు.

ఈ కొరోల్‌కు యూరపు తూర్పు సగమంతటా తోబుట్టువులున్నాయి. చెక్‌లో క్రాల్, పోలిష్‌లో క్రుల్, సెర్బియన్, క్రొయేషియన్, స్లొవేనియన్ భాషల్లో క్రాల్య్, బల్గేరియన్‌లో క్రల్. స్లావు కుటుంబం దాటి కూడా ఆ మాట పాకింది. హంగేరియన్ దాన్ని కిరాయ్ చేసుకుంది, లిథువేనియన్ కరాల్యుస్ చేసుకుంది, లాట్వియన్ కరలిస్ అంది, రొమేనియన్ క్రాయ్ అంది, టర్కిష్ క్రల్ అంది. బైజాంటియన్ గ్రీకులో క్రాలిస్ అయింది. ఇన్ని భాషల్లో రాజు అని చెప్పే ఈ మాటకు పుట్టుకలో ఆ అర్థమే లేదు. అది ఒక మనిషి పేరు. ఫ్రాంకుల రాజు కార్ల్, లాటిన్‌లో కరోలుస్, మన చరిత్ర పుస్తకాల్లో షార్లమేన్.

భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకునే సంగతే ఇది. అయితే నలుగురూ ఒప్పుకోవడం వేరు, రుజువు కావడం వేరు. ముందుగా చరిత్ర ఏమంటుందో చూడాలి.

కార్ల్ 768లో గద్దెనెక్కాడు. 772లో సాక్సన్ల మీద మొదలుపెట్టిన యుద్ధాలు 804 దాకా సాగాయి. సాక్సన్లు లొంగాక ఎల్బ నది అతని సరిహద్దయింది. నదికి ఆవల అంతా స్లావు తెగలు. 789లో నది దాటి విల్ట్‌జీ తెగ మీదికి వెళ్లి, వాళ్ల నాయకుడు ద్రగొవిత్‌ను లొంగదీశాడు. అబొద్రితులు అనే మరో స్లావు తెగ అతని పక్షాన పోరాడింది. దక్షిణాన 791లో అవార్ల మీద దండెత్తాడు. 796లో వాళ్ల ఖజానా బళ్లకెక్కి ఫ్రాంకుల దేశం చేరింది. ఆ అవార్ల కింద అణిగిమణిగి ఉన్న జనంలో స్లావులే ఎక్కువ. 805, 806 సంవత్సరాల్లో బొహీమియా మీద రెండు దండయాత్రలు. మధ్యలో 800 క్రిస్మస్ నాడు రోమ్‌లో పోప్ మూడో లియో అతని తలమీద చక్రవర్తి కిరీటం పెట్టాడు. 814లో ఆహెన్‌లో అతను పోయేనాటికి బాల్టిక్ తీరం నుంచి ఏడ్రియాటిక్ తీరం దాకా, ఏ స్లావు తెగవాడు పడమటివైపు చూసినా కనిపించే ఏలిక ఒక్కడే.

స్లావులకు సొంత పాలకులు లేక కాదు. తెగ పెద్దను వాళ్లు క్న్యాజ్ అనేవాళ్లు. అదీ సొంత మాట కాదు. అంతకు చాలా ముందే జర్మానిక్ జాతుల దగ్గర తెచ్చుకున్న అరువు. ఇంగ్లీషు కింగ్, జర్మన్ కోనిగ్ ఏ మూలం నుంచి వచ్చాయో అదీ అక్కడి నుంచే వచ్చింది. ఆ మూలరూపం దాదాపు చెక్కుచెదరకుండా ఈనాటికీ వినిపించేది జర్మన్ నోట కాదు, ఫిన్నిష్ నోట: కునింగస్. అరువు తీసుకున్నవాడు ఇచ్చినవాడికంటే సరుకును భద్రంగా దాచుకున్న సందర్భాల్లో దీన్ని మించింది లేదు. లిథువేనియన్‌లో అదే మాట కునిగస్ అయి, ఇప్పుడు చర్చి పూజారికి వాడుతున్నారు. పోలిష్‌లో క్షొంద్జ్ అన్నా పూజారే. ఒకప్పుడు పాలకుడి స్థానంలో ఉన్న మాట మెల్లగా కిందికి జారుతుంటే, పైన ఖాళీ అయిన చోటుకు కొత్త మాట కావలసివచ్చిందన్నమాట. ఆ చోట్లో కార్ల్ కూర్చున్నాడు. పొరుగున పుట్టిన ఒక పెద్ద అధికారాన్ని ఏమని పిలవాలో తోచనప్పుడు, జనం పదవిని వదిలేసి మనిషి పేరు పట్టుకున్నారని నా అభిప్రాయం. ఫ్రాంకుల సొంత జనానికి ఆ ఇబ్బంది లేదు. అందుకే ఫ్రెంచిలో రాజు రువా గానే, జర్మన్‌లో కోనిగ్ గానే ఉండిపోయాడు. కార్ల్ అనేది పిల్లలకు పెట్టుకునే పేరుగానే మిగిలింది. అతని పేరు పదవి అయింది అతని ఏలుబడి అంచున, అతని శత్రువుల, సామంతుల నోళ్లలో.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. కార్ల్ అనే పేరుకు మూలం జర్మానిక్ భాషల్లో బానిస కాని మామూలు మగవాడు అని. పాత ఇంగ్లీషులో ఆ మాటే సొంత భూమి ఉన్న రైతుకు వాడారు. తర్వాత అది దిగజారి మోటు మనిషికి తిట్టయింది. జర్మన్‌లో కెర్ల్ అంటే ఇప్పటికీ ‘వాడెవడో’ అన్నట్టు చెప్పే మాట. పశ్చిమాన బురదలోకి దిగిన మాట తూర్పున సింహాసనమెక్కింది.

ఇక భాష ఇచ్చే సాక్ష్యం. చెక్ క్రాల్, పోలిష్ క్రుల్, రష్యన్ కొరోల్ చూడండి. ‘ర’ చుట్టూ ఉన్న అచ్చులు మూడింటిలోనూ తేడా. ఇది యాదృచ్ఛికం కాదు. కోటకు స్లావుల మూలరూపం గోర్ద్ వంటిది. అది చెక్‌లో హ్రద్, పోలిష్‌లో గ్రుద్, రష్యన్‌లో గొరొద్. నగరాల పేర్ల చివర వినిపించే ‘గ్రాద్’ దక్షిణ స్లావు రూపం. అంటే ఒక కాలంలో అచ్చు వెనక హల్లుకు ముందు ఇరుక్కున్న ‘ర’, ‘ల’లు చోటు మారాయి, పడమటా దక్షిణానా ముందుకు దూకాయి, తూర్పున రెండుపక్కలా అచ్చు మొలిచింది. తెలుగువాళ్లకు ఇది అర్థం కావడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. తమిళంలో మరం అయినది పాత తెలుగులో మ్రాను అయింది, ఇరండు రెండు అయింది. మన వ్యాకరణం దీన్ని వర్ణవ్యత్యయం అంటుంది. మ్రానులో అచ్చు దీర్ఘమైనట్టే చెక్ క్రాల్‌లోనూ దీర్ఘమైంది. కార్ల్ పేరును స్లావులు పలికిన కొర్ల్ అనే రూపం ఈ మార్పు పూర్తయ్యేలోగా స్లావు నోళ్లలో పడి ఉండకపోతే ఈ మూడు రూపాలూ ఇలా గోర్ద్ దారినే నడిచేవి కావు. చరిత్ర చూపే కార్ల్ కాలం, ధ్వని మార్పు జరిగిందనుకునే కాలం కలిసిపోతున్నాయి కదా అని శాస్త్రజ్ఞులు సంతోషించారు.

సంతోషించడంలో తప్పులేదు కానీ ఇక్కడో చిక్కుంది. ఆ ధ్వని మార్పు ఎప్పుడు జరిగిందని అడిగితే, చాలా పుస్తకాలు మొదట చూపించే ఆధారం ఈ క్రాల్ మాటే. క్రాల్ ఎప్పుడు వచ్చిందని అడిగితే ధ్వని మార్పును చూపిస్తాయి. ఒకదానికొకటి జామీను. ఈ వలయం నుంచి బయటపడేసే వేరే ఆధారాలు కొన్ని ఉన్నాయి. గ్రీసులో గార్దికి అనే ఊళ్లున్నాయి. స్లావులు అక్కడికి వలసపోయినప్పుడు పెట్టిన పేరది, అందులో ‘ర’ ఇంకా పాత చోటులోనే ఉంది. అంటే ఆ వలసలనాటికి మార్పు జరగలేదు. ఇటు చివర చూస్తే తొలి స్లావు రాతల్లో మార్పు అయిపోయి కనిపిస్తుంది. స్లావు భాషకు లిపి వచ్చింది సిరిల్, మెథోడియస్ సోదరులు 863లో మొరావియాకు బయల్దేరిన సందర్భంలో. కార్ల్ మరణానికీ ఆ లిపికీ మధ్య యాభయ్యేళ్లు దాదాపు రాత లేని చీకటి.

అభ్యంతరం ఇంకొకటీ ఉంది. ధ్వని మార్పు ముగిశాక వచ్చిన పరాయి పేరును కూడా, పొరుగు మాండలికంతో రోజూ మాట్లాడేవాళ్లు తమ భాషకు నప్పే అచ్చులో పోసుకోగలరు. మీ గొరొద్ మా హ్రద్ అని తెలిసినవాడికి మీ కొరోల్ మా క్రాల్ కావడం ఎంతసేపు? అలాంటప్పుడు మాట వయసు ఒక శతాబ్దం అటూ ఇటూ జరిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అదీగాక ఏ కార్ల్ అన్న ప్రశ్న ఉండనే ఉంది. ఆ వంశంలో కార్ల్‌లకు కరువు లేదు. తాత కార్ల్ మార్టెల్, మనుమడు బట్టతల కార్ల్, మునిమనుమడు స్థూలకాయుడు కార్ల్. ఈ ఆఖరాయన 884లో మొరావియా పాలకుడు స్వతోప్లుక్‌ను కలిసి విధేయత చెప్పించుకున్నాడు. స్లావులకు తరతరాలుగా పడమటి దొర పేరు కార్లే అయితే, ఒక్క మహావీరుడి కీర్తికంటే ఆ పునరావృత్తే పేరును పదవిగా మార్చి ఉండొచ్చు. నాకైతే షార్లమేన్ ఒక్కడికే ఘనత కట్టబెట్టడం కంటే ఈ వాదమే ఎక్కువ సబబుగా తోస్తుంది. విత్తనం అతనిదే, నీళ్లు పోసింది వారసులు.

ఈ మాట రాతలో కనబడే తొలి చోట్లలో మెథోడియస్ జీవితచరిత్ర ఒకటి. ఆయన 885లో పోయాడు. చరిత్రను ఆ వెనువెంటనే రాశారంటారు. దొరికిన పాత ప్రతి మాత్రం 12వ శతాబ్దం చివరి ప్రాంతానిది. రాయి మీద గట్టి సాక్ష్యం క్రొయేషియాలో క్ర్క్ ద్వీపంలోని బాష్క ఫలకం. సుమారు 1100 నాటిది, గ్లాగొలిటిక్ అనే పాత స్లావు లిపిలో చెక్కింది. సెయింట్ లూసీ మఠానికి భూమి దానం చేసిన జ్వొనిమిర్‌ను అందులో క్రొయేషియా క్రాల్ అన్నారు. మన దానశాసనాల లాంటిదే. దానం చేసిన రాజు పేరు, బిరుదు, అడ్డుపడినవాడికి శాపం అన్నీ ఉన్నాయి. అప్పటికి కార్ల్ పోయి మూడు వందల ఏళ్లు. పరాయి దొర పేరు సొంత రాజు బిరుదైపోయింది.

ఎవరి బిరుదు అయింది, ఎవరిది కాలేదు అన్నది చూస్తే ఒక గీత తేలుతుంది. జ్వొనిమిర్‌కు 1075లో కిరీటం పెట్టింది పోప్ దూత. సెర్బియాలో స్తెఫాన్‌కు 1217లో కిరీటం పోప్ దగ్గర నుంచే వచ్చింది. చరిత్రలో అతని పేరే ‘తొలి కిరీటధారి’. 1253లో పోప్ నాలుగో ఇన్నొసెంట్ ఇద్దరికి కిరీటాలిప్పించాడు: లిథువేనియాలో మిందౌగస్‌కు, గలీషియాలో దనీలోకు. రష్యా వైపు పాలకుల్లో కొరోల్ అనిపించుకున్న అరుదైన మనిషి ఆ దనీలో. క్రాల్ అంటే రోమ్ ఒప్పుకున్న రాజు. కాన్‌స్టాంటినోపుల్ వైపు చూసేవాడికి ఆ మాట చాలదు. అతనికి జార్ కావాలి. 1204లో బల్గేరియా పాలకుడు కలొయాన్‌కు పోప్ మూడో ఇన్నొసెంట్ రాజు హోదాయే పంపించాడు. కలొయాన్ కిరీటం పుచ్చుకుని చక్రవర్తిననే రాసుకున్నాడు. సెర్బియాలో దుషాన్ 1346లో స్కోప్యేలో పట్టాభిషేకం చేసుకుని క్రాల్య్ నుంచి జార్ అయ్యాడు.

ఆ జార్ కథ చాలామంది ఎరిగిందే కనుక క్లుప్తంగా. అదీ ఒక ఇంటిపేరే. రాజు అన్న మాటనే అసహ్యించుకున్న రోమన్లు, రాజు కాబోతున్నాడన్న అనుమానంతో క్రీ.పూ. 44లో చంపిన సీజర్ పేరును ఏ రాజుకంటే పై బిరుదుగా చేసుకున్నారు. క్రీ.శ. 41లో చక్రవర్తి అయిన క్లాడియస్‌కు ఆ ఇంటితో దత్తత సంబంధం కూడా లేదు, అయినా పేరు పెట్టుకున్నాడు. పేరు పదవిగా మారిన క్షణం అదేననుకోవచ్చు. జర్మన్లు దాన్ని కైజర్ అన్నారు, స్లావులు త్సేసార్ అని, ఆపైన కుదించి జార్ అన్నారు. మన ఉపఖండానికీ అది రెండుసార్లు వచ్చింది. అటక్ దగ్గరి ఆరా శాసనంలో కుషాణ రాజు బిరుదుల్లో కైసర అని చదివారు. 1877 ఢిల్లీ దర్బారులో విక్టోరియాను కైసర్-ఇ-హింద్ అని చాటారు. ఆ పేరుతో ఇచ్చిన పతకాన్నే గాంధీ 1920లో తిప్పి పంపారు.

జార్, క్రాల్ రెండూ మనుషుల పేర్లే అయినా బరువు ఒకటి కాదు. బల్గేరియన్లు, రష్యన్లు, సెర్బులు బైబిల్లోని దావీదును జార్ అంటారు; చెక్‌లు, పోలిష్‌లు, క్రొయేషియన్లు క్రాల్ అంటారు. శిలువ మీద యేసును యూదుల రాజని ఎగతాళి చేస్తూ పెట్టిన పలకకు రష్యన్ చిత్రాల్లో వేసే నాలుగక్షరాల్లో ఒకటి జార్‌ది. ఒకే దేశానికి రెండు పేర్లు పడ్డ సందర్భమూ ఉంది. 1815 వియన్నా ఒప్పందంతో పోలండు రష్యా చక్రవర్తి చేతికి వచ్చింది. పోలిష్‌లో అది క్రుల్ రాజ్యం, రష్యన్‌లో జార్ రాజ్యం. రష్యన్ దొర తన పక్కన ఇంకో కొరోల్ పీట వేయించుకోవడానికి ఇష్టపడలేదు. బల్గేరియన్లు ఇంకో అడుగు ముందుకేశారు: చదరంగంలో రాజు వాళ్లకు జార్, పేకముక్కల్లో ఏకంగా పూజారి.

ఈ మాటను పరాయి రాజుకు ముద్రగా వాడటంలో గ్రీకులది, టర్కులది అందె వేసిన చెయ్యి. బైజాంటియన్ కొలువులో చక్రవర్తి బసిలెవ్స్. పడమటి రాజులకు రిక్స్ అనే లాటిన్ మాటే పడేసేవాళ్లు. 812లో ఆహెన్‌కు వచ్చిన గ్రీకు దూతలు కార్ల్‌ను బసిలెవ్స్ అని ఒక్కసారి పిలవడానికి పన్నెండేళ్ల పేచీ అయింది. సెర్బియా పాలకుడికి మాత్రం క్రాలిస్ అని పెట్టారు. క్రాలిస్ అన్నా మర్యాదే, కాకపోతే మెట్టు కింది మర్యాద. సెర్బియా రాజు మిలుతిన్ 1299లో గ్రీకు రాకుమారి సిమొనిస్‌ను పెళ్లాడి, కాన్‌స్టాంటినోపుల్‌లో ఆసుపత్రి కట్టిస్తే దాన్ని క్రాలిస్ ఆసుపత్రి అనేవాళ్లు.

టర్కులది మరీ చమత్కారం. ఆటమన్ సుల్తాన్లు 1453లో కాన్‌స్టాంటినోపుల్ గెలిచాక రోమ్ కైసర్ బిరుదు తమదే అన్నారు. మరి యూరపులో వేరే చక్రవర్తి ఎక్కణ్ణుంచి వస్తాడు? 1530లో పోప్ చేతుల మీద బొలోన్యలో చక్రవర్తి కిరీటం పెట్టించుకుని షార్లమేన్ వారసుణ్ణనుకున్న ఐదో చార్లెస్‌ను సులేమాన్ స్పెయిన్ క్రల్ అని పిలిపించాడు. 1547 సంధి పత్రంలోనూ ఆయనకు దక్కింది స్పెయిన్ రాజు హోదాయే. కార్ల్ పేరుతోనే ఒక కార్ల్‌ను చక్రవర్తి పీట మీంచి కిందికి దించడమంటే ఇదే. సులేమాన్‌కు ఆ సంగతి తెలిసి ఉంటుందని అనుకోను, తెలిస్తే తప్పక నవ్వుకునేవాడు. చార్లెస్ వారసుణ్ణి చక్రవర్తిగా సుల్తాన్ ఒప్పుకున్నది 1606 జిత్వతొరోక్ సంధిలో.

రొమేనియన్లు మొదట క్రాయ్ అనేవాళ్లు. క్రిస్మస్ నాటి తూర్పు జ్ఞానులు ముగ్గురూ వాళ్లకు ఇప్పటికీ క్రాయ్‌లే. వ్యావహారికంలో ఆ మాట ఆడవాళ్ల వెంటపడే షోకిలా రాయుడికి దిగజారింది. 19వ శతాబ్దంలో తమది లాటిన్ వారసత్వం అన్న పట్టుదల పెరిగి స్లావు వాసన ఉన్న మాటలను పక్కకు నెట్టారు. 1881లో దేశం రాజ్యమైనప్పుడు తొలి రాజును రెజె అన్నారు. ఆ రాజు జర్మనీ నుంచి వచ్చిన కార్ల్. రొమేనియన్‌లో మొదటి కరోల్. ఏ మాటను వదిలించుకున్నారో దాని మూలం గద్దె మీదే కూర్చుంది.

పదవి పోయిన చోట్ల మాట ఊళ్లకు, ఇంటిపేర్లకు అతుక్కుంది. 1957లో స్పుత్నిక్‌ను ఎగరేసిన రూపశిల్పి సెర్గెయ్ కొరొల్యోవ్ ఇంటిపేరుకు అర్థం కొరోల్‌కు చెందినవాడని. 1255లో ట్యుటోనిక్ యోధులు బాల్టిక్ తీరంలో కట్టిన కోటకు, తమకు సాయం వచ్చిన బొహీమియా రాజు రెండో ఒతకర్ గౌరవార్థం కోనిగ్స్‌బెర్గ్ అని పెట్టారు. పోలిష్‌లో అది క్రులెవ్యెత్స్, లిథువేనియన్‌లో కరాల్యౌచ్యుస్. 1946లో సోవియట్ పాలకులు దాన్ని కలినిన్‌గ్రాద్ చేశారు. 2023 మేలో పోలండు అధికారిక సంఘం పాత క్రులెవ్యెత్స్ పేరే వాడాలని సిఫారసు చేస్తే క్రెమ్లిన్ మండిపడింది.

క్రాల్ మాట పలికే దేశాల్లో ఇవాళ ఒక్క రాజూ లేడు. ఉన్న రాజులంతా ఆ మాట లేని దేశాల్లో ఉన్నారు. 2022 సెప్టెంబరులో ఇంగ్లండు గద్దెనెక్కిన మూడో చార్లెస్ గురించి పోలిష్ పత్రికలు క్రుల్ కరోల్ అని, చెక్ పత్రికలు క్రాల్ కరెల్ అని రాశాయి. హంగేరియన్లకు ఆయన కారోయ్ కిరాయ్, రష్యన్లకు కొరోల్ కార్ల్. సెర్బులూ క్రొయేషియన్లూ మాత్రం పేరును తర్జుమా చేయకుండా క్రాల్య్ చార్ల్స్ అని ఊరుకున్నారు.